చీటీలో నా పేరు

కరెంటు బిల్లు వెనకాల నక్కి వచ్చింది ఆ కవరు.
‘శ్రీమతి ఇర్మ్‌గార్డ్ పోకే గారికి,
చీటీలు తీశాం, మీ పేరు వచ్చింది.
ఒయ్‌పెన్ పౌరుల సభకు రాగలరా?’
పొరపాటనుకున్నాను.
ఆస్పత్రి దుప్పట్లు ఉతికేదాన్ని,
జీతం పట్టీలో తప్ప
నా పేరు ఎవరూ ఎక్కడా వెతకరు.
మా ఆయన గుంటర్ నవ్వాడు:
‘లాటరీయా? ఎంత తగిలిందేమిటి?’
‘నాలుగు శనివారాలు’ అన్నాను.

ఓటు నాకు కొత్తేం కాదు.
వేయకపోతే జరిమానా మా దేశంలో,
అందుకని ముప్పై ఏళ్ళుగా వేస్తూనే ఉన్నాను.
ఐదేళ్ళకోసారి నోరు తెరిచి
మింగి, మూసుకునే పెట్టె.
బ్రస్సెల్స్ అంటే టీవీలో నీలం జెండా,
వాన, కార్లోంచి దిగే టైలు.
మా పేరు మీద మాట్లాడతారని తెలుసు.
మా పేరు వాళ్ళకి తెలుసని అనుకోలేదు.

గుండ్రంగా కుర్చీలు. ఇరవై ఆరు మందిమి.
ఇంటి కప్పులు వేసే హిల్గర్స్,
సాంక్ట్ ఫీట్ నుంచి ఓ పాలరైతు,
గోళ్ళకి ఆకుపచ్చ రంగేసుకున్న పదిహేడేళ్ళ ఫెంకే,
అలెప్పో నుంచి వచ్చి కట్టుడు పళ్ళు చేసే మున్జిర్.
ప్రతి మాటా లోపలే ఒకసారి తూచుకుని
అప్పుడు గానీ బయటికి తీయడు.

మొదటి శనివారం కాఫీ తాగాను.
రెండోది కూడా అదే పని.
మూడోనాడు బిస్కెట్లు బాగున్నాయన్నాను.
మినిట్స్‌లో ఎక్కించలేదు, న్యాయమే.

నాలుగోనాడు లీజ్ నుంచి నిపుణుడొచ్చాడు.
తెర మీద పచ్చ గీత, ఎర్ర గీత.
‘రాత్రి బస్సు తీసేశాక
ప్రయాణికుడు ఎదురుచూసేది, సగటున, పన్నెండు నిమిషాలు.’
పన్నెండు.
నా చెయ్యి లేచింది. నేను లేపలేదు.
ముప్పై ఏళ్ళు తడి దుప్పట్లు ఎత్తిన చెయ్యి,
బరువు కనిపిస్తే దానంతటదే లేస్తుంది.
‘ఎవరి గడియారంలో అండీ?’ అన్నాను.
‘పదింటికి షిఫ్టు దిగి, పదీ యాభై దాకా
కెట్టెనిస్ మూల మీద నిలబడతాను.
కూర్చోడానికి అక్కడ రాయైనా లేదు.
ఆ రెండిట్లో
నా మోకాళ్ళు ఏ గీత?’

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
నా మాట ఆ బల్ల దాటేసరికే మధ్యాహ్నమైంది.
‘ఖాళీ బస్సుకి నా పన్నా?’ అన్నాడు హిల్గర్స్.
ఫెంకే అతని మీద అరిచింది.
మున్జిర్ ఇద్దరికీ నీళ్ళిచ్చాడు.
నలుగురూ నడిచిందే దారి అంటారు గానీ
ఆ నలుగురూ కూర్చుని
ఒక్క వాక్యం కలిసి రాసి చూడాలి.
‘తక్షణం’ అన్న మాట కోసం గంటన్నర,
‘వీలైతే’ కొట్టేయడానికి మరో గంట.
చివరికి హిల్గర్సే పెన్ను లాక్కుని
ఒక కామా పెట్టాడు.
ఎక్కడో గుర్తులేదు.
పెట్టింది మాత్రం అతనే.

పార్లమెంటు చదివింది. చదివి తీరాలి,
కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి,
అదీ నియమం.
రాసిచ్చారు. రెండు పేజీలు.
బస్సు రాలేదు.
బెంచీ వచ్చింది.

‘నాలుగు శనివారాలకి నాలుగు చెక్కలు!’
గుంటర్ ఇప్పటికీ నవ్వుతాడు.
నిజమే, నాలుగే, లెక్కపెట్టాను.
ఒకటి అప్పుడే వదులైంది.

పదీ ఇరవై. మంచు మొదలైంది.
దీని మీదే కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని
ఆ రెండు పేజీలకు జవాబు రాస్తున్నాను.
ఈసారి చీటీ ఎవరూ తీయలేదు.
రమ్మని ఎవరూ అడగలేదు.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, అక్షరాలు వంకర.
ముందు హిల్గర్స్‌కి చూపిస్తాను,
కామాలు అతను చూసుకుంటాడు.